వినియోగదారుని పేరు: పొద్దు

ఇరవై రెండేండ్లుగా
ఊరి ఇండ్ల గుట్టంతా నా సంచిలో మోశాను.
ఎవరింట్లో పెండ్లి, ఎవరింట్లో పురుడు,
ఏ మరమగ్గం ఆగింది, ఏది రాత్రంతా ఆడింది,
మీటరు నాకు చెప్పేది.
నేనెవరికీ చెప్పలేదు.

ఒకటి మాత్రం చెప్తాను.
రైలుగేటు కాడ, పడమటి గోడంతా అద్దం పెట్టించిన మిద్దె.
గృహప్రవేశం నాడు ఊరంతా నోరు తెరిచింది.
మే నెల బిల్లు చూసి ఆయన తెరిచాడు.
అద్దానికి పరదా, పరదా వెనక ఏసీ,
ఏసీ వెనక నేను, పెన్ను పట్టుకొని.

ఇప్పుడు నాకూ ఒక జాగా ఉంది.
పుత్తూరు దాటి నారాయణవనం రోడ్డులో లోపలికి,
మూడు సెంట్లు, పక్కన చెనిక్కాయల చేను.
చెంగల్రాయులు మేస్త్రీ కొలతాడుతో వచ్చాడు.
"మంచిరోజు చూసి పునాది తవ్వేద్దాం సార్."
"ఒక ఏడాది ఆగు."
"డబ్బు చాల్లేదా?"
"డబ్బూ చాల్లేదు. ఎండ కూడా ఇంకా చూడలేదు."

విరిగిన ఎముక్కి మా ఊర్లో కట్టుంది.
తప్పు దిక్కున లేచిన గోడకి
ఏ ఊర్లోనూ లేదు.

జాగా నడుమ వెదురు కట్టె నాటాం.
ధనభాగ్యం ముగ్గుడబ్బా తెచ్చి
గంటకొక చుక్క పెట్టేది, నీడ కొసన.
ఆదివారాలు మాకు సినిమా అదే.
మేకలు తొక్కేవి. వాన కడిగేది.
అందుకని ఆ చుక్కల్ని
పాత రీడింగు పుస్తకం వెనక పేజీల్లోకి ఎక్కించాను.
వినియోగదారుని పేరు కాడ 'పొద్దు' అని రాసి.

మార్గశిరంలో చుక్కలన్నీ ఉత్తరానికి పాకాయి,
పొడుగ్గా, సోమరిగా.
తర్వాత కురచై, కురచై,
ఏప్రిల్ ఆఖర్న ఒక మిట్టమధ్యాహ్నం
కట్టెకి నీడే లేదు.
డబ్బా పట్టుకొని ధనభాగ్యం కట్టె చుట్టూ తిరిగింది
జారిపోయిన ముక్కుపుడక వెతికినట్టు.
"ఏడ పెట్టేది చుక్క?"
"కట్టె నెత్తిన."

వారం తిరిగేసరికి నీడ మళ్లీ వచ్చింది,
మూడు వేళ్లంత.
ఈసారి దక్షిణానికి.

చెంగల్రాయులు నమ్మలేదు.
"ఉత్తరానికి ఎండ యాడిది సార్, సిమెంటు దండగ" అని
ముప్పై ఏండ్లు ఆ గోడకి సజ్జ ఎగ్గొట్టిన మనిషి
చుక్క కాడ గొంతుక్కూర్చున్నాడు.
బీడీ ఆరిపోయింది.
ఎన్ని ఇండ్లు లెక్కేసుకున్నాడో లోపల.
"ఎన్నాళ్లుంటాది ఇట్లా?" అన్నాడు చివరికి.
"శ్రావణం దాకా" అంది ఆమె.

వంటిల్లు పడమట వద్దంది.
"సాయంత్రం నాలుగింటికి ఒకపక్క పొయ్యి, ఒకపక్క పొద్దు,
నడుమ నేనేమన్నా అప్పడమా?"
ఆ పక్కకి మెట్లు, స్నానాలగది, బియ్యం మూటలు తోసేశాం.
వేడిని అవి మోయనీ.
వాస్తు చెప్పే ఆయన మొహం చిట్లించాడు.
ఆయనింటి బిల్లెంతో నాకు తెలుసు. ఎత్తలేదు.

కప్పు మీద సోలారు పలకలు పరిచేస్తే
ఈ లెక్కలన్నీ ఎందుకన్నాడు నా తమ్ముడు.
"పరుద్దాంలే. ముందు కుండ కారకుండా చూసుకోనీ,
తర్వాత నీళ్లు పోద్దువు."

సాయంత్రం ఐదు దాటితే తూరుపు నుంచి గాలి తిరుగుతుంది.
ఉప్పు వాసన రాదు గానీ సముద్రానిదే.
రెండు ప్లాస్టిక్ కుర్చీలేసుకొని
లేని కిటికీ ముందు కూర్చుంటాం.
దాన్ని జానెడు కిందికి దించమంటుంది ధనభాగ్యం,
కూర్చున్న మనిషి చెవికి తగలాలంట.
దించాను.
పైసా ఖర్చు కాలేదు.

బ్యాంకు వాళ్లు ఇంకో కాగితం అడిగారు.
ఇటుక ధర మళ్లీ పెరిగింది.
మేము చూస్తూనే ఉన్నాం, చెనిక్కాయల చేను మీద
పొద్దు ఎక్కడ దిగుతుందో.

ఎప్పటికో, నేను రిటైరైన తర్వాత,
కొత్త కుర్రోడొకడు మిషను పట్టుకొని మా గేటు తీస్తాడు.
మే నెలలో మా అంకె చూసి
మళ్లీ చూసి,
మీటరు చెడిందేమోనని
వేలితో రెండుసార్లు తట్టాలి.